పంచుకోవటమా, ఉమ్మడి చెయ్యటమా?

తెలుగులో "పంచుకోవటం" అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఇద్దరు కూలీలు గట్టు మీద కూచుని సద్ది పంచుకున్నారంటే వారి మధ్య స్నేహం వున్నదని అర్థం. ఇద్దరు అన్నదమ్ములు పొలం పంచుకున్నారంటే వారి మధ్య కొత్తగా గట్టు లేచిందని అర్థం. కలిపేదీ ఆ క్రియే, విడదీసేదీ ఆ క్రియే. విద్యుత్ వాహనాలు తయారుచేసే పోటీ కంపెనీలు తమ ఛార్జింగు కేంద్రాలను పరస్పరం పంచుకోవాలా అని కొన్నేళ్ళుగా చర్చ జరుగుతున్నది. వాదించేవారు ఈ మాటను ఏ అర్థంలో వాడుతున్నారో తేల్చుకోకుండా ఔనని గాని, కాదని గాని అనటం కష్టం. నేను తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి. మోటార్ల సంగతి నా విద్య కాదు. ఐతే మాట చాటున ఎవరి ఆస్తి దాగి వున్నదో చూడటం సాహిత్య విద్యార్థికి అలవాటైన పనే గనక ఈ విషయంలో వేలు పెడుతున్నాను.

ముందు వస్తువేమిటో చూద్దాం. పెట్రోలు బంకుకు వెళ్ళినవాణ్ణి, "నీది ఏ కంపెనీ బండి?" అని ఎవరూ అడగరు. ఇంట్లో గోడకు బిగించిన మూడు పిన్నుల సాకెట్టుకు కూడా కంపెనీ భేదం లేదు. ఐ.ఎస్. 1293 అనే ప్రమాణం ప్రకారం అది తయారవుతుంది గనక అందులో ఇస్త్రీ పెట్టె పెట్టినా, స్కూటరు ఛార్జరు పెట్టినా పనిచేస్తుంది. చిక్కంతా త్వరగా ఛార్జి చేసే కేంద్రాల దగ్గర వస్తున్నది. అక్కడ కరెంటు నేరుగా బ్యాటరీలోకి పోతుంది. అంచేత రెండు విషయాలు కుదరాలి: ప్లగ్గు ఆకారం ఒకటి, బండీ స్తంభమూ మాట్లాడుకునే భాష మరొకటి. ఎంత వోల్టేజి కావాలి, బ్యాటరీ ఎంత వేడెక్కింది, ఎప్పుడు ఆపాలి, డబ్బు ఎవరి ఖాతాలోంచి తీసుకోవాలి - ఇదంతా ఆ రెండు యంత్రాలూ లోపల్లోపల చెప్పుకుంటాయి. కంపెనీ తాళం వెయ్యదలచుకుంటే ప్లగ్గుకైనా వెయ్యవచ్చు, భాషకైనా వెయ్యవచ్చు. ప్లగ్గుకు వేసిన తాళం కంటికి కనిపిస్తుంది. భాషకు వేసినది కనిపించదు. ప్లగ్గు చక్కగా అమరుతుంది, కరెంటు మాత్రం రాదు.

ఈ కథ పెద్దయెత్తున నడిచింది అమెరికాలో. 2012 సెప్టెంబరులో టెస్లా కంపెనీ కాలిఫోర్నియాలో ఆరు సూపర్‌ఛార్జరు కేంద్రాలు తెరిచింది. అవి టెస్లా కార్లకు తప్ప మరొక కారుకు పనిచెయ్యవు. 2014 జూన్‌లో ఆ కంపెనీ అధిపతి ఈలాన్ మస్క్ తమ పేటెంట్లను సద్భావంతో వాడుకునే వారెవరి మీదా దావాలు వెయ్యబోమని ప్రకటించాడు. లోకం ఔదార్యమని మెచ్చుకున్నది. కాని ఆ సద్భావానికి ఒక షరతు వుంది. ఆ పేటెంట్లు వాడుకున్నవారు తమ పేటెంట్లతో టెస్లా మీదికి రాకూడదు. తొమ్మిదేళ్ళపాటు ఏ పెద్ద కార్ల కంపెనీ కూడా ఆ ప్లగ్గు జోలికి పోలేదు. వాళ్ళు "సి.సి.ఎస్." అనే వేరే ప్లగ్గు పెట్టుకున్నారు.

2021లో అమెరికా ప్రభుత్వం ఛార్జింగు కేంద్రాల కోసం 750 కోట్ల డాలర్లు కేటాయిస్తూ చట్టం చేసింది. ప్రజల సొమ్ముతో కట్టే కేంద్రం ఒక్క కంపెనీ బండ్లకే పనిచేస్తే కుదరదన్న షరతు రాబోతున్నదని అందరికీ తెలిసింది. 2022 నవంబరులో టెస్లా తన ప్లగ్గు నమూనాను బయటపెట్టి, దానికి "ఉత్తర అమెరికా ఛార్జింగు ప్రమాణం" అని తానే నామకరణం చేసుకున్నది! ఒక కంపెనీ సొంత సరుకుకు ఖండం పేరు పెట్టుకోవటంలోని ధైర్యాన్ని మెచ్చుకోవలసిందే. 2023 ఫిబ్రవరిలో ప్రభుత్వ నియమాలు వెలువడ్డాయి. 2024 చివరికల్లా కనీసం 7,500 ఛార్జర్లను ఇతరుల కార్లకు తెరుస్తానని టెస్లా ఒప్పుకున్నది. మే నెలలో ఫోర్డు, జూన్‌లో జనరల్ మోటార్స్ టెస్లాతో ఒప్పందాలు చేసుకున్నాయి. తరవాత మిగిలినవారు ఒకరి వెనక ఒకరు వరసలో నిలబడ్డారు. ఆ ఏడాది డిసెంబరుకు మోటారు ఇంజనీర్ల సంస్థ ఆ ప్లగ్గుకు "జె 3400" అని నంబరిచ్చి ప్రమాణంగా ప్రకటించింది.

పోటీదారులు చేతులు కలిపారని, ఇక పేచీ తీరిపోయిందని పత్రికలు రాశాయి. తీరిన మాట కొంతవరకు నిజం. ఫోర్డు కారువాడికి దారిలో నిలిచిపోయే భయం తగ్గింది. కాని ఆ కలయిక ఎలాంటిదో 2024 ఏప్రిల్ 30న బయటపడింది. ఆ రోజు సూపర్‌ఛార్జరు విభాగంలో పనిచేసే దాదాపు 500 మందిని మస్క్ ఒక్క వేటున ఉద్యోగాల్లోంచి తీసేశాడు. అప్పటికి అమెరికాలోని కార్ల కంపెనీల్లో ఎక్కువభాగం తమ రాబోయే కార్లకు ఆ ప్లగ్గునే ఖాయం చేసుకుని వున్నాయి. తమ వినియోగదారుల ప్రయాణాలు ఎవరి చేతుల మీదుగా సాగవలసి వున్నదో ఆ చేతులు అక్కడ లేకుండా పోయాయి. తరవాత కొందరిని తిరిగి పిలిచారు. పిలవటమూ ఆయన యిష్టమే, పొమ్మనటమూ ఆయన యిష్టమే. ధరల సంగతి చూసినా ఇదే వరస. ఇతర కంపెనీల కార్లు నెలచందా కట్టకపోతే ఎక్కువ ధర పెట్టి కరెంటు కొనాలి. తన పొలంలోంచి దారి వదిలిన ఆసామి రోజూ సుంకం వసూలు చేస్తుంటే దాన్ని మనం పంచుకోవటమని అనం. గుత్త అంటాం.

ఇంతవరకు చెప్పింది మన పాఠకులకు కొత్తగా తోచదు. గుత్తాధిపత్యాన్ని విమర్శించటం మనకు సులభం. కష్టమైన ప్రశ్న వేరే వుంది, దాన్ని దాటవెయ్యటం నిజాయితీ అనిపించుకోదు. టెస్లా కేంద్రాలు ఒక్క కంపెనీవి, అవి పనిచేశాయి. అందరి కోసమని కట్టినవి? ఫోక్స్‌వాగన్ కంపెనీ డీజిలు కార్ల పొగ పరీక్షల్లో మోసం చేసి పట్టుబడింది. 2016 నాటి రాజీ కింద అమెరికాలో కాలుష్యరహిత వాహనాల కోసం పదేళ్ళలో 200 కోట్ల డాలర్లు వెచ్చించటానికి ఒప్పుకున్నది. "ఎలక్ట్రిఫై అమెరికా" అనే ఛార్జింగు సంస్థ ఆ విధంగా పుట్టింది. పాపపరిహారంగా పుట్టిన ఆ సంస్థ స్తంభాలు చెడిపోయి వుంటాయని కొద్దికాలంలోనే పేరు తెచ్చుకున్నది. 2022లో శాన్‌ఫ్రాన్సిస్కో అఖాత ప్రాంతంలో పరిశోధకులు అందరికీ తెరిచివున్న 657 ఛార్జింగు ప్లగ్గులను స్వయంగా వెళ్ళి పరీక్షిస్తే 72.5 శాతమే పనిచేస్తున్నాయని తేలింది. అంటే ప్రతి నాలుగింటిలో ఒకటి అలంకారం.

మా కళాశాలలో అర్థశాస్త్రం చెప్పే మిత్రుడు ఈ అంకెలు నాకు చూపించి, "ఉమ్మడి గొడ్డు పుచ్చి చస్తుందని మీ సామెతల పుస్తకంలోనే వుంది కదండీ, మాస్టారూ" అన్నాడు. సామెత వున్న మాట నిజమే. సామెతలు ఎవరి అనుభవంలోంచి పుట్టాయో కూడా చూడాలని నేనన్నాను. గొడ్డు పుచ్చింది ఉమ్మడిది కావటం వల్ల కాదు. దానికి గడ్డి వేసే వంతు ఎవరిదో తేల్చకపోవటం వల్ల. మన పల్లెల్లో చెరువు ఊరుమ్మడి. దానికి నీరుగంటి వుండేవాడు. ఏ తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ మడికి ఎంతసేపు నీరు పారాలి అన్నది ఆయన పని. పంట చేతికొచ్చాక ఆయనకు ఇంత ధాన్యమని కొలిచేవారు. ఉమ్మడితనం దానంతటది నిలవలేదు, ఒక మనిషి శ్రమ దాన్ని నిలబెట్టింది. (పాత పల్లెను నెత్తిన పెట్టుకోవాలని నా ఉద్దేశం కాదు. ఊరుమ్మడి అని పేరుపడ్డ బావిలో మాలమాదిగలకు చేద వేసే హక్కు వుండేది కాదు. ఉమ్మడి అనే మాట విన్నప్పుడల్లా ఎవరిని మినహాయించి ఉమ్మడి అని అడగటం అలవాటు చేసుకోవాలి.) అమెరికా ప్రభుత్వం కూడా ఈ పాఠం కొంత నేర్చుకున్నట్టున్నది. 2023 నియమాల్లో ప్లగ్గు అందరిదై వుండాలనటంతో ఆగకుండా, ఏడాదిలో 97 శాతం కాలం అది పనిచేస్తూ వుండాలని కూడా రాసింది.

ఐరోపాలో జరిగింది ఇంకొక విధం. అక్కడ 2014లోనే ఐరోపా సమాజం ఆదేశమిచ్చి ఒకే రకం ప్లగ్గును ఖాయం చేసింది. టెస్లా తన మోడల్ 3 కారును అక్కడ అమ్మవలసి వచ్చినప్పుడు ఆ ప్లగ్గునే పెట్టుకున్నది. చైనాలో కూడా ఆ దేశపు ప్రమాణాన్నే పెట్టుకున్నది. కంపెనీ చచ్చిపోలేదు, కొత్త ఆవిష్కరణలు ఆగిపోలేదు. 2024 ఏప్రిల్ నుంచి అమలవుతున్న ఐరోపా నియమం ప్రకారం ఏ చందా లేకుండా, ఏ సభ్యత్వం లేకుండా దారిన పోయేవాడు ఆగి, ఛార్జి చేసుకుని, డబ్బిచ్చి వెళ్ళిపోవచ్చు. ఇక్కడ ఎవరూ ఎవరికీ దేన్నీ దయతో పంచిపెట్టలేదు. దారి ఎవరిదో ముందు నిర్ణయమైంది, బండ్లు తరవాత వచ్చాయి.

ముందు నిర్ణయం కాకపోతే ఏమవుతుందో తెలుసుకోవటానికి మన గుంతకల్లు చాలు. మద్రాసు నుంచి రాయచూరు మీదుగా బొంబాయి పోయే రైలుమార్గం బ్రాడ్‌గేజి. హుబ్బళ్ళి వైపు నుంచి, నంద్యాల వైపు నుంచి, ధర్మవరం వైపు నుంచి వచ్చే మార్గాలు మీటరుగేజి. ఆయా కంపెనీలు, ప్రభుత్వాలు తమ తమ ఖర్చులు చూసుకుని తమ తమ వెడల్పుల్లో పట్టాలు పరిచాయి. ఒక వ్యాగను నుంచి దించి మరొక వ్యాగనుకు ఎక్కించటం హమాలీల వీపుల మీద జరిగింది. 1992లో అన్ని మార్గాలనూ ఒకే గేజికి మార్చే పథకం మొదలయ్యేదాకా, చాలాచోట్ల ఆ తరవాత కూడా, దేశం ఆ తేడాకు మూల్యం చెల్లిస్తూనే వుంది. బ్రిటన్‌లో ఇదే తగాదా వస్తే 1846లో చట్టం చేశారు. ఏడడుగుల వెడల్పున్న గ్రేట్ వెస్టర్న్ పట్టాలే వేగంలో మెరుగని పరీక్షల్లో రుజువైనా, దేశంలో ఎక్కువగా వున్న తక్కువ వెడల్పునే ప్రమాణం చేశారు. మెరుగైనది వేరు, అందరిదీ కాగలిగినది వేరు. ఆ చట్టం తరవాత కూడా గ్రేట్ వెస్టర్న్ పట్టాలు పూర్తిగా మారటానికి 1892 దాకా పట్టింది. పాతుకుపోయినదాన్ని పెకలించటానికి నలభయ్యారేళ్ళు!

గేజి తేడా మీద హమాలీ బతికినట్టు ఇవాళ ప్లగ్గు తేడా మీద ఫోన్లలోని ఆప్‌లు బతుకుతున్నాయి. ఒక్కొక్క స్తంభానికి ఒక్కొక్క ఆప్, ఒక్కొక్క ఆప్‌లో ముందుగా వెయ్యవలసిన డబ్బు. ఐతే హమాలీ బరువు మోసేవాడు.

మన దేశంలో పరిస్థితి ఇంకా పాతుకుపోలేదు. అందుకే ఇప్పుడు మాట్లాడవలసి వున్నది. ఛార్జింగు అనేది కరెంటు అమ్మకం కాదు, ఒక సేవ మాత్రమే, దానికి లైసెన్సు అక్కరలేదు అని కేంద్ర విద్యుత్ శాఖ 2018 ఏప్రిల్‌లో స్పష్టం చేసింది. దాని ఫలితం ఆలోచించండి. మన దగ్గర స్తంభం దాకా వచ్చే తీగ ప్రభుత్వ విద్యుత్ పంపిణీ సంస్థది. ఆ తీగ వెనక జనం కట్టిన పన్నులూ, లైన్‌మన్‌ల ప్రాణాలూ వున్నాయి. చివరి రెండు గజాల తీగకు మాత్రం ఎవరైనా యజమాని కావచ్చు, ఆ రెండు గజాల దగ్గర ఎవరినైనా ఆపవచ్చు.

స్కూటర్ల సంగతిలో ఒక మంచిపని జరిగింది, చెప్పుకోవాలి. బెంగుళూరులోని ఏథర్ కంపెనీ తన ప్లగ్గును ఇతరులు వాడుకోవచ్చునని 2021లో ప్రకటించింది. హీరో కంపెనీ తన విడా స్కూటరుకు దాన్ని తీసుకున్నది. 2023 అక్టోబరులో భారత ప్రమాణాల సంస్థ ఆ ప్లగ్గును ఐ.ఎస్. 17017లో ఒక భాగంగా ఆమోదించింది. (హీరోకు ఏథర్‌లో పెద్ద వాటా వున్నదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఇంటివాళ్ళ మధ్య ఇచ్చిపుచ్చుకోవటం సులభం.) ప్రమాణం పుట్టింది గాని ఆ తరవాత కూడా కొన్ని పెద్ద కంపెనీలు తమ ప్లగ్గులతోనే బండ్లు అమ్ముతూ వచ్చాయి. ఛార్జరు విషయంలో కంపెనీల మనస్సు ఎలాంటిదో అంతకు కొద్ది నెలల ముందే ఒకసారి బయటపడింది. లక్షన్నర రూపాయల లోపు ఫ్యాక్టరీ ధర వున్న స్కూటర్లకే ప్రభుత్వ సబ్సిడీ అన్నప్పుడు, కొన్ని కంపెనీలు ఛార్జరును బండి ధరలో కలపకుండా వేరే వస్తువుగా అమ్మాయి. ప్రభుత్వం నిలదీశాక 2023లో కొనుగోలుదారులకు ఆ డబ్బు తిరిగి ఇవ్వటానికి ఒప్పుకున్నాయి. సబ్సిడీ కావలసినప్పుడు ఛార్జరు బండిలో భాగం కాదు. పోటీవాడి బండి వచ్చినప్పుడు అదే ఛార్జరు బండితో విడదీయరాని రహస్యం.

ఇంతకూ బయటి ఛార్జరు ఎవరికి కావాలి? సొంత ఇల్లూ, ఇంటి ముందు షెడ్డూ వున్నవాడు రాత్రి ఇంట్లోనే పెట్టుకుంటాడు. అతనికి ఈ చర్చతో పెద్ద అవసరం లేదు. అవసరం వున్నది అద్దెకుండేవాడికి, ఆటో నడిపేవాడికి, తిండి పొట్లాలు మోసేవాడికి. నా దగ్గర బి.ఏ. చదివిన కుర్రవాడొకడు మా పట్నంలో ఆ పొట్లాల పనే చేస్తున్నాడు. స్కూటరు వాయిదాల మీద కొన్నాడు. రెండో అంతస్తులో గది. కరెంటు కింద నుంచి తీసుకోవటానికి యజమాని ఒప్పుకోడు. బస్టాండు చుట్టుపక్కల త్వరగా ఛార్జి చేసే స్తంభాలు మూడు వున్నాయి. రెండింటి ప్లగ్గు అతని బండికి పట్టదు. పట్టేది చెడిపోయి వుంది. "ఎప్పుడు బాగుచేస్తార్రా?" అంటే, "ఆప్‌లో పనిచేస్తున్నట్టే చూపిస్తుంది సార్, అంచేత ఫిర్యాదు తీసుకోదు" అన్నాడు. ఇప్పుడతను మధ్యాహ్నం ఒక టీకొట్టు వెనక మూడు పిన్నుల సాకెట్టులో బండి పెట్టి, గంటకింతని కొట్టువాడికిచ్చి, అక్కడే బల్ల మీద కూచుంటున్నాడు. జపానువాళ్ళు 2010లో తమ ఛార్జింగు పద్ధతికి "చాడెమో" అని పేరు పెట్టినప్పుడు, "ఈలోగా టీ తాగుదామా?" అన్న శ్లేష అందులో ఇమిడ్చారట. వాళ్ళ టీ అరగంటది. మావాడి టీ నాలుగు గంటలది, ఆ నాలుగు గంటలకూ కూలి లేదు.

కేంద్రప్రభుత్వం 2024లో ప్రకటించిన పి.ఎం. ఇ-డ్రైవ్ పథకంలో బహిరంగ ఛార్జింగుకు 2,000 కోట్ల రూపాయలున్నాయి. రెండు, మూడు చక్రాల బండ్ల కోసం 48,400 ఛార్జర్లని లెక్క కట్టారు. ఇది ప్రజాధనం. దీంతో వెలిసే స్తంభం ఏ కంపెనీ బండినీ పొమ్మనకూడదని, ఆప్ లేకుండా డబ్బు తీసుకోవాలని, చెడితే ఇన్ని గంటల్లో బాగుచెయ్యాలని అడగటం మన హక్కు. ముందుగా సొంత డబ్బు పెట్టి కేంద్రాలు కట్టినవారి మాటేమిటి అంటారు. న్యాయమైన ప్రశ్నే. వారు పెట్టిన ఖర్చుకు తగిన ధర ఇవ్వాలి. ఆ ధరను వారు కాక విద్యుత్ చార్జీలు నిర్ణయించే నియంత్రణ మండలి వంటిది నిర్ణయించాలి. పై బండ్లు వస్తే తమవారికి క్యూ పెరుగుతుందని మరొక అభ్యంతరం. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన కావటం నిజమే. దానికి మందు మజ్జిగ పెంచటం.

ఈ వేసవిలో ఈ సమస్య మా గడప లోపలికే వచ్చింది. ఒక స్కూటర్ల కంపెనీ మా కళాశాల ఆవరణలో ఉచితంగా ఛార్జింగు కేంద్రం పెడతానన్నది. ఆరు బండ్లు నిలిపే స్థలమివ్వాలి, పదేళ్ళు అద్దె అడగకూడదు. అందులో త్వరగా ఛార్జి అయ్యేవి ఆ కంపెనీ బండ్లే. విద్యార్థులకు బండి ధరలో రాయితీ ఇస్తామని కూడా రాశారు. అధ్యాపక మండలిలో సగం మందికి ఇది వరంలా తోచింది. అర్థశాస్త్ర మిత్రుడు, "ఏమీ లేనిచోట ఒకటి వస్తుంటే ఎందుకు కాదంటారు? ముందు రానివ్వండి, తరవాత అడుగుదాం" అన్నాడు. వచ్చి కూచున్నవాణ్ణి తరవాత అడగటం ఎంత తేలికో గ్రేట్ వెస్టర్న్ కథ చెప్పి చూశాను. చివరికి రెండు షరతులు పెట్టాం. ఒకటి, దేశప్రమాణం ప్రకారం వున్న ప్లగ్గు కూడా పెట్టి, ఎవరి బండి వచ్చినా ఒకే ధరకు ఛార్జి చెయ్యాలి. రెండు, చెడిన ఛార్జరు మూడు రోజుల్లో బాగుకాకపోతే స్థలానికి ఆ నెల అద్దె కట్టాలి. దాన్ని చూసుకోవటానికి ఇక్కడి మనిషినొకరిని జీతమిచ్చి పెట్టుకోవాలి.

కంపెనీ వారి జవాబు పోయిన వారం వచ్చింది. మొదటి షరతుకు మేము అనుకున్నంత పేచీ పెట్టలేదు. ఇతర బండ్లకు ధర కొంచెం ఎక్కువ వుంటుందని మాత్రం రాశారు. రెండోది తమ విధానానికి విరుద్ధమట. మరమ్మతులన్నీ బెంగుళూరు నుంచి కాంట్రాక్టు మనుషులు వచ్చి చేస్తారట, గడువు చెప్పటం సాధ్యం కాదట. మండలి మళ్ళీ కూచోవలసి వుంది. ఈలోగా అర్థశాస్త్ర మిత్రుడు పట్నంలో వున్న స్తంభాల్లో ఎన్ని పనిచేస్తున్నాయో విద్యార్థులను పంపి లెక్క తీయిస్తున్నాడు.